కోట్ల లెక్క కాదు, గంట లెక్క చెప్పండి

శంషాబాద్ ఎయిర్‌పోర్టు విస్తరణ పూర్తయినప్పటి నుంచి ఒకటే పాట: ఏడాదికి 3.4 కోట్ల మంది సామర్థ్యం. వినడానికి ఘనంగానే ఉంటుంది. తెల్లవారుజామున సెక్యూరిటీ క్యూలో బెల్టు విప్పి, లాప్‌టాప్ చేత పట్టుకుని నిలబడ్డ మనిషికి మాత్రం ఆ అంకెతో పనిలేదు. ఆ గంటలో ఎంతమందికి సరిపడా ఏర్పాట్లున్నాయన్నదే అతని గోల.

లెక్క వేసి చూడండి. 3.4 కోట్లను ఏడాదిలోని 8,760 గంటలకు పంచితే గంటకు 3,900 మంది కూడా తేలరు. కానీ ఇంత పెద్ద ఎయిర్‌పోర్టులకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెప్పిన కొండగుర్తు ప్రకారం, రద్దీ గంటలో వచ్చేది ఏడాది మొత్తంలో 0.035 శాతం. అంటే 11,900 మంది. సగటుకు మూడు రెట్లు! పెళ్లికి మొత్తం ఎంతమంది వస్తారని కాదు, బంతికి ఎంతమంది కూర్చుంటారని చూసుకునే కదా బల్లలు తెప్పిస్తాం. విజయవాడ కొత్త టెర్మినల్‌కు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రద్దీ గంటకు 1,200 మంది అనే చెప్పింది. పెద్ద ఎయిర్‌పోర్టుల దగ్గరికి వచ్చేసరికి ప్రచారమంతా కోట్లలోకి మారిపోతుంది.

అత్యంత రద్దీ గంటకు తగ్గట్టు కడితే మిగతా ఏడాదంతా హాళ్లు ఖాళీ, ఆ ఖర్చు టికెట్‌లో కలిపి వసూలు చేసే యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) రూపంలో ప్రయాణికుడి మీదే పడుతుందంటారు ప్లానర్లు. నిజమే. ఏడాదిలో 30వ రద్దీ గంటను ప్రమాణంగా తీసుకునే బ్రిటన్ పద్ధతి అందుకే పుట్టింది. అంతకంటే రద్దీగా ఉండే ఆ 29 గంటలు ఇరుక్కోమంటే సరే, ఇరుక్కుంటాం.

నా పేచీ అది కాదు. రద్దీ గంట ఆకాశం నుంచి ఊడిపడదు, టైమ్‌టేబుల్లోంచి పుడుతుంది. ప్రతి ఎయిర్‌లైన్‌కీ పొద్దున్నే బయల్దేరే స్లాటే కావాలి, అడిగినవాళ్లకల్లా ఇచ్చుకుంటూ పోతారు. తర్వాత అంచనా నివేదికలో అదే 'డిమాండ్' అయి కూర్చుంటుంది. 2022 డిసెంబరులో ఢిల్లీ ఎయిర్‌పోర్టు మూడో టెర్మినల్ (టీ3) కిక్కిరిసిపోయి, అప్పటి విమానయాన మంత్రి సింధియా స్వయంగా వెళ్లి చూశాక ఏం చేశారు? రాత్రికి రాత్రి కొత్త టెర్మినల్ కట్టలేదు. ఎక్స్‌రే మెషీన్లు పెంచారు, రద్దీ వేళల్లో విమానాలు తగ్గించే పని పెట్టుకున్నారు. ఈ పని ముందే చేస్తే ఎవరొద్దన్నారు?

పైగా మన రద్దీ మనది. ఆగస్టులో అమెరికా చదువుకి వెళ్లే ఒక్క పిల్లాడి వెనక రెండు కార్లు దిగుతాయి: అమ్మమ్మ, బాబాయి కుటుంబం, క్లాస్‌మేట్లు. ప్రయాణికుల లెక్కలో వీళ్లుండరు, డిపార్చర్స్ ముందు మాత్రం అంతా వీళ్లే.

అసలు సగటు చూపించి సరిపెట్టడం మన పాలనకు పాత అలవాటు. జనవరిలో వస్తుందని పసిపిల్లలకీ తెలిసిన సంక్రాంతికి సికింద్రాబాద్ స్టేషన్లో ఏటా అదే తొక్కిసలాట, బస్టాండ్లలో ఏటా అదే టెన్షన్. సర్కారు ఆస్పత్రిలో రోజుకి ఇంతమందిని చూశామంటారు, పొద్దున ఓపీ చీటీల దగ్గర లైను ఎంత పొడవుందో చెప్పరు.

యూడీఎఫ్ పెంచాలని అడిగే ప్రతి ఎయిర్‌పోర్టు చేతా గంటలవారీ ప్రయాణికుల సంఖ్య, ఏ గంటకు ఎవరికి ఎన్ని స్లాట్లు ఇచ్చారన్న పట్టిక బయటపెట్టించాలి. ఏ గంట కోసం మన జేబులు ఖాళీ అవుతున్నాయో అప్పుడు మాట్లాడుకుందాం.