సవరణ: జిరాక్స్‌లో పెంచిన పటానికి పాత స్కేలు పనికిరాదు

పిల్లలకు పటంలో దూరాలు కొలవడం నేర్పే పద్ధతి గురించి రాస్తూ, ఏ4 కాగితంపై ఉన్న 1:50,000 పటాన్ని (అంటే పటంలో ఒక సెంటీమీటరు, నేల మీద 50,000 సెంటీమీటర్లు) జిరాక్స్‌లో ఏ3కి పెంచుకోమన్నాను. పెంచాక కూడా 2 సెంటీమీటర్లను ఒక కిలోమీటరుగానే లెక్కించమన్నాను. అది తప్పు; రాసేముందు ఒక్కసారి కొలిచి చూసుకోవలసింది.

పటం పెరిగితే అందులోని దూరాలూ పెరుగుతాయి. కింద అచ్చయిన 1:50,000 మాత్రం మారదు. ఏ3 కాగితం ఏ4కి రెట్టింపు కదా, స్కేలు 1:25,000 అవుతుందిలే అనుకోవద్దు (నేనూ మొదట అలాగే అనుకున్నాను). రెట్టింపయ్యేది వైశాల్యం, పొడవు పెరిగేది 1.41 రెట్లే. అంటే స్కేలు దాదాపు 1:35,000, కిలోమీటరుకు సుమారు 2.8 సెంటీమీటర్లు.

నా మాట నమ్మి తరగతిలో చేయించిన ఒక టీచరు గారు ఈ పొరపాటు పట్టుకున్నారు. చెరువు గట్టు నుంచి బడి దాకా వంపుల వెంట దారం పరిస్తే 5.6 సెంటీమీటర్లు వచ్చిందట. నా లెక్కన 2.8 కిలోమీటర్లు. రోజూ ఆ దారిన నడిచి వచ్చే పిల్లవాడు "అంత దూరం లేదండీ" అన్నాడు. నిజానికి అది రెండు కిలోమీటర్లే.

పటం అడుగున గీత రూపంలో ఉండే స్కేలుకు ఈ చిక్కు లేదు, అది పటంతో పాటే సాగుతుంది. పదకొండో తరగతి భూగోళశాస్త్ర ప్రయోగ పాఠాల్లోనూ ఇదే చెబుతారు. కాబట్టి దారాన్ని ఆ గీతపైనే పెట్టి కొలిపించండి. ఆ రచనలోనే దిక్కుల గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.