పాత సామాన్ల ఆటో మైకుకి ఓ బహిరంగ లేఖ

అయ్యా మైకు గారూ,

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే రోడ్డు పక్క వీధి మాది. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మీద లావుపాటి పుస్తకం కొనుక్కుని, ఆదివారం కాస్త ప్రశాంతంగా చదువుకుందామని కూర్చుంటున్నాను. ఆదివారమంటే దర్శనానికొచ్చే బళ్ల హారన్లు ఎలాగూ ఉంటాయి, సూర్యనారాయణుడి వారం కాబట్టి వాటిని ఏమీ అనలేం. మీ సంగతి వేరు. "పాత ఇనుము, పాత ప్లాస్టిక్, పాడైపోయిన సెల్‌ఫోన్లు, తల వెంట్రుకలు కొంటాం" అంటూ సందు మొదట్లో ఎత్తుకుంటే చివరిదాకా ఊపిరి తీసుకోరు, రికార్డింగు కదా, మీకు ఊపిరితో పనేముంది.

1944 జులైలో 44 దేశాల వాళ్లు అమెరికాలో బ్రెటన్ వుడ్స్ అనే చోట మూడు వారాలు కూర్చుని దేశాలకి అప్పులిచ్చే ఐఎంఎఫ్‌కి (అంతర్జాతీయ ద్రవ్య నిధి), ప్రపంచ బ్యాంకుకి పునాది వేశారట. కొండల మధ్య హోటలు కాబట్టి సరిపోయింది. మీరుగానీ ఆ గుమ్మం ముందు రెండు చక్కర్లు కొట్టుంటే ఔన్సు బంగారం 35 డాలర్లని డాలరుని బంగారానికి ముడేసిన లెక్క తేలేదే కాదు, బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ అంతటివాడు కూడా చెవుల్లో దూది పెట్టుకుని ఇంటికి పోయేవాడు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ లెక్కను రద్దు చేసింది 1971 ఆగస్టు 15న, అదీ ఆదివారమే. ఆ పేజీ దగ్గరే నేను ఇరుక్కుపోయాను. ఎందుకు రద్దు చేశాడో అని చదవబోతే "పాత ఇనుము" అంటారు మీరు.

ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000లోనే రూల్స్ వచ్చాయి. మీ చెవిన వెయ్యడానికి మీకు చెవి లేదు, ఉన్నదంతా నోరే.

ఇంకో తమాషా. నేను పుస్తకంలో వెతుక్కుంటున్నది మీ ఆటోలోనే ఉంది. మా అమ్మ దువ్వెనకొచ్చిన చిక్కు జుట్టు కవర్లో దాచి, మీ గొంతు వినగానే "ఒరే, ఆ బండి ఎళిపోతంది, ఆపరా!" అని నన్నే తరుముతుంది. ఆ చిక్కే మయన్మార్, చైనా దాకా పోయి, షుచాంగ్ అనే చైనా ఊళ్లో విగ్గులై, అమెరికాలో ఎవరి నెత్తినో ఎక్కుతుంది. దొంగదారిన పోతోందని 2022లో కేంద్రం ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్షలు కూడా పెట్టింది. అంత పెద్ద వ్యాపారం నడుపుతూ ఇంత అరుపు దేనికండీ? పోయిన వారం మీ ఓనరు నా చేతిలో పుస్తకం చూసి "కాగితం మందంగా ఉంది, ఇచ్చేత్తారా?" అన్నాడు, ఆ చూపులోనే తూకం అయిపోయింది.

కాబట్టి బేరానికొద్దాం. జుట్టు కవరు ప్రహరీ గోడ మీద పెట్టేస్తాను, మా ఇంటి ముందు నోరు మూసుకుని తీసుకుపోండి. బదులిచ్చే స్టీలు గిన్నె మాత్రం చూసి ఇమ్మనండి, క్రితంసారి దానికి మూత పట్టట్లేదని అమ్మ ఇప్పటికీ నన్నే అంటోంది.

ఇట్లు,
పేజీ తిప్పలేని పాఠకుడు