నల్లకోటుకు నీళ్ల లెక్క కూడా తెలియాలి

మా దర్శి వైపు నడుం వంగిపోయిన మనిషిని చూసి ఏమైందని ఎవరూ అడగరు. "నీళ్లు" అనేసి ఊరుకుంటారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మా మామ మెడ తిప్పలేడు. పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే.

నాలుగేళ్లు వకీలుగా చేసి పబ్లిక్ హెల్త్ పీజీలో చేరితే ఆ మామే అన్నాడు, "నల్లకోటు వేసుకున్నాక మళ్లీ ఈ డాక్టరు చదువేందిరా?" డాక్టరు చదువు కాదు మామా అంటే వినడే. కేసుల్లేక చదువుకుంటున్నాడని చుట్టాల్లో పేరొచ్చేసింది. (కొంత నిజమే.)

అసలు కారణం ఒక పిటిషన్. మా ఊరి బోరు నీళ్ల మీద వేశాను. రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణం, ప్రజారోగ్యం ప్రభుత్వ బాధ్యత అనే 47వ అధికరణం, సుప్రీంకోర్టు తీర్పులు పేజీలకు పేజీలు రాశాను. నీళ్ల శాంపిల్ మాత్రం కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్లింది. ఏ బోరుదో, ఏ రోజు పట్టిందో రాయలేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకె ఒక్కటే తెలుసు నాకు. "ఈ నొప్పులు ముసలితనం వల్ల కాదని ఏంటి ఆధారం?" అన్నాడు అవతలి వకీలు. నోరు పెగల్లేదు.

ఎవరు ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారు, ఫ్లోరైడ్ తక్కువున్న పక్కూళ్లో అదే వయసువాళ్లు ఎలా ఉన్నారు, పిల్లల పళ్ల మీద గార మరకలు ఏ వీధిలో ఎక్కువ, ఇవీ నేను పట్టుకెళ్లాల్సినవి. పదేళ్ల పిల్లాడి పళ్లను చూపిస్తే ఆ వకీలు ముసలితనం అనలేడు కదా!

అట్లాగని ఇక్కడి క్లాస్‌మేట్లూ తక్కువేం కాదు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తారు. రిపోర్టు చివర "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అని రాసి వదిలేస్తారు. ఏ అధికారి, ఏ సెక్షన్ కింద? అది అడిగితే సారు కూడా నవ్వేశారు.

ఒళ్లు మండేది ఇంకోటుంది. నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది, తాగునీటికి అందులో విడిగా అధ్యాయమే ఉంది. రెండేళ్ల తేడాతో వచ్చిన ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాడు మా లా కాలేజీలో ఒక్కడూ లేడు, నాతో సహా.

పోయిన ఆదివారం ఫారాలు పట్టుకుని మామ ఇంటి నుంచే మొదలుపెట్టాను. ఈ బోరు నీళ్లు ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావంటే, "మీ అత్త కాపురానికొచ్చిన ఏడే వేశారు" అన్నాడు. ఏ ఏడో అత్తనడిగి రాసుకున్నాను.