తాతగారికి వైఫై

డాలస్‌లో ఉండే మా బావమరిది ఒక గ్యారేజ్ సేల్‌లో టీఆర్ఎస్-80 మోడల్ 100 కొన్నాడు. 1983లో రేడియోషాక్ అమ్మిన ఒళ్లో కంప్యూటర్ అది. ఎనిమిది వరుసల తెర, వరుసకి 40 అక్షరాలు, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. మీట నొక్కగానే లేచి కూర్చుంటుంది. ఒకప్పుడు విలేకరులు దీన్ని చంకన పెట్టుకు తిరిగి, ఫోన్ తీగ మీదుగా వార్తలు పంపేవారు. అంతటి పెద్దమనిషి ఈ వయసులో క్లౌడ్ లేకుండా బతకడమా? నలుగురూ ఏమనుకుంటారు?

చిక్కేమిటంటే తాతగారికి, అంటే ఆ కంప్యూటర్‌కి, వైఫై తెలీదు. ఫోన్ తీగ మీద మాట్లాడే మోడెమ్ తెలుసు, రేడియోషాక్ సొంతదారు టాండీ వాళ్ల 100 కేబీ ఫ్లాపీ డ్రైవ్ తెలుసు. కాబట్టి ఆయన మనసు నొప్పించకుండా ఇంటిల్లిపాదీ అబద్ధమాడాలి.

వెనకనున్న 25 పిన్నుల పోర్టుకి బావమరిది చిన్న వైఫై బోర్డు తగిలించాడు. అందులోని ఈఎస్‌పీ8266 చిప్పు వేగం 80 మెగాహెర్ట్జ్, తాతగారిది 2.4. ముప్పై రెట్లు మించిన కుర్రాడు చేతులు కట్టుకుని, "నేను మోడెమ్‌నండీ" అంటాడు. నంబరు తిప్పమని తాతగారు ఏటీడీటీ అనే మోడెమ్ ఆదేశం కొడితే, తిప్పినట్టు నటించి, పక్క గదిలో సర్వర్‌ని తట్టి, "కనెక్ట్" అని విన్నవించుకుంటాడు. అక్కడ ఇంకో ప్రోగ్రాం, "మీ పాత టాండీ డ్రైవునే, బాగున్నారా" అన్నట్టు ఫైలు అందుకుని, గుట్టుగా క్లౌడ్‌కి చేరేస్తుంది. దీన్ని మోసం అనేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లతో ఎప్పుడూ ఉండలేదని నా అభిప్రాయం.

ఒక శనివారమంతా కనెక్షనే రాలేదు. ఇంటి వైఫై 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. ఈ చిప్పుకి 2.4 తప్ప పడదు. తాతగారిదీ 2.4, కుర్రాడిదీ 2.4. ఒకటి మెగా, ఒకటి గిగా. మధ్యలో వెయ్యి రెట్ల తేడా ఉన్నా గోత్రం ఒకటే అని బావమరిది మురిసిపోయాడు.

మూడు వారాంతాల తర్వాత మొదటి ఫైలు వెళ్లింది. సరుకుల చీటీ. తాతగారికి తెలుగు రాదు కనక కందిపప్పు, చింతపండు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. వచ్చినా ఇబ్బందే: యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది, 8 కేబీ మోడల్‌లో ఈ వ్యాసం పట్టడమే కష్టం. తెర మీద సంవత్సరానికి ముందు 19 అని లోపలే చెక్కేశారు. 2026 వస్తే ఆయన లెక్కలో 1926. కందిపప్పు ధర ఆయనకి చెప్పకపోవడమే మంచిది.

"ఏమండీ, ఫోన్‌లో రాస్తే దానంతటదే వెళ్తుంది కదా?" అంది చెల్లెమ్మ. బావమరిది జవాబివ్వలేదు. సైన్సు విషయాల్లో తొందరపాటు పనికిరాదు.

చీటీ క్లౌడ్‌కి చేరేసరికి ఆవిడ షాపుకెళ్లి సరుకులు తెచ్చేసింది. చింతపండు మర్చిపోయింది.

"చీటీలో ఉందిగా" అన్నాడు బావమరిది.