గాయపడ్డవాళ్లు ఎందరు?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి పట్టుబడ్డ ఆఫీసర్ల గురించిన ఆ వాట్సాప్ మెసేజ్ ఈ నెలలో నాకు రావడం ఇది ఐదోసారి. కొండ మీద కోట ఫొటో, కింద గులాబీలు, దండం పెట్టే చేతులు. "శత్రువునూ గౌరవించిన జర్మనీ! పట్టుబడ్డ ఆఫీసర్లకు కోటలో బస, పని లేదు, నెలనెలా జీతం, సేవకులు. గ్లైడర్ చేసుకుని ఎగిరిపోయినా, సొరంగం తవ్వి పారిపోయినా నవ్వుతూ వెనక్కి తెచ్చేవాళ్లు. ఒక్క ఆఫీసర్ మీద కూడా చెయ్యి పడలేదు. పదిమందికి పంపండి." ఈసారి పంపినాయన నాకు చదువు చెప్పిన లెక్కల మాస్టారు. అందుకని మర్యాదగానే మొదలుపెడతాను. ఎంతసేపు నిలబడుతుందో చూద్దాం.

కోట: ఫొటోలోది జర్మనీలోని కోల్డిట్స్, అది నిజంగా కోటే. కానీ అందులో పెట్టింది పదేపదే పారిపోయే మొండిఘటాలను. మిగతా ఓఫ్లాగుల్లో, అంటే పట్టుబడ్డ ఆఫీసర్ల కోసం పెట్టిన క్యాంపుల్లో, చాలావాటిలో ఉన్నవి ముళ్లకంచె, చెక్క బ్యారక్‌లు. గ్లైడర్: అటక మీద దొంగచాటుగా కట్టిన మాట నిజం. ఎగిరింది లేదు. అది గాల్లోకి లేవకముందే, 1945 ఏప్రిల్‌లో అమెరికన్లు కోటకు వచ్చేశారు. అయిపోయింది.

పని లేకపోవడం, జీతం: యుద్ధఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందంలోనే ఉంది, జర్మన్ల దయేమీ కాదు. పైగా ఇచ్చింది క్యాంపు నోట్లు. గేటు దాటితే చిత్తు కాగితాలు. ఆ మేరకు బ్రిటిష్ ఆఫీసర్ల అసలు జీతంలో వాళ్ల ప్రభుత్వమే కోత పెట్టింది. సేవకులా, ఉండేవాళ్లు. వాళ్లూ అదే సైన్యం నుంచి పట్టుబడ్డ మామూలు సిపాయిలు. ఇందులో గర్వపడాల్సింది ఏముందో నాకైతే అర్థం కాలేదు.

ఇక "నవ్వుతూ వెనక్కి తెచ్చేవాళ్లు" దగ్గరికి వద్దాం. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

ఒప్పందం ప్రకారం, పారిపోయి దొరికిన ఖైదీకి ఎక్కువలో ఎక్కువ 30 రోజుల నిర్బంధం వెయ్యొచ్చు. బ్రిటిష్ వాళ్ల విషయంలో జర్మన్ సైన్యం చాలాకాలం దాన్ని పాటించింది కూడా. తర్వాత 1944 మార్చి 24 రాత్రి వచ్చింది. సాగాన్‌లో వైమానిక దళ ఆఫీసర్ల క్యాంపు, స్టాలాగ్ లుఫ్ట్ 3. ఇసుక నేల కూలకుండా మంచాల చెక్కలు పీకి సొరంగానికి ఆసరా పెట్టారు. రెడ్‌క్రాస్ పార్సిళ్లలో వచ్చిన పాలపొడి డబ్బాలను ఒకదానికొకటి బిగించి గాలి గొట్టం చేశారు. 76 మంది బయటపడ్డారు. ముగ్గురు తప్పించుకున్నారు. 73 మంది దొరికారు. హిట్లర్ ఆదేశం మీద నాజీ రహస్య పోలీసు గెస్టపో, దొరికినవాళ్లలో 50 మందిని కాల్చి చంపింది. ఒకేచోట కాదు. ఇద్దరినో ముగ్గురినో కారెక్కించడం, దారిలో మూత్రానికి దిగమనడం, వెనకనుంచి కాల్చడం.

క్యాంపుకి మొదట చెప్పిన సంఖ్య 41. అరెస్టును ఎదిరించారని, మళ్లీ పారిపోబోయారని, అందుకే కాల్చామని చెప్పారు. అక్కడి సీనియర్ బ్రిటిష్ ఆఫీసర్ గ్రూప్ కెప్టెన్ మాసీ ఒక్కటే అడిగాడు: గాయపడ్డవాళ్లు ఎందరు? ఒక్కరూ లేరు. 41 మంది మీద కాల్పులు, 41 చావులు, గాయాలు సున్నా. లెక్కల మాస్టారికి ఈ లెక్క నేను విడమర్చి చెప్పాలా?

అదే నెలలో ఇంకో ఆదేశం బయల్దేరింది. దాని పేరే బుల్లెట్ ఆదేశం. పారిపోయి దొరికిన ఆఫీసర్లను, బ్రిటిష్, అమెరికన్లు కాని పక్షంలో, ఆస్ట్రియాలోని మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి పంపి చంపాలి. 1945 ఫిబ్రవరిలో అక్కడి 20వ బ్లాకు నుంచి సుమారు 500 మంది గోడ దూకి పారిపోబోయారు. ఎక్కువమంది సోవియట్ ఆఫీసర్లే. చుట్టుపక్కల ఊళ్ల జనం కూడా శిబిరాన్ని నడిపే నాజీ దళం ఎస్.ఎస్. వాళ్లతో కలిసి మంచులో వాళ్లను వెంటాడారు. ఆ వేటకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు "కుందేళ్ల వేట". ఆహా, ఏం గౌరవం! దీనికే కదా గులాబీలు?

సోవియట్ యూనియన్ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కదా అని ఒకాయన గ్రూపులో లా పాయింటు తీశాడు. పెట్టలేదు. అందుకని పట్టుబడ్డ 57 లక్షల మంది సోవియట్ సైనికుల్లో దాదాపు 33 లక్షల మంది చచ్చిపోవచ్చన్నమాట. అలాగని రేపు "సోవియట్లే మర్యాదస్తులు" అని ఇంకో ఫొటో మొదలుపెట్టకండి బాబూ. 1940లో కాటిన్‌లోనూ మరికొన్నిచోట్లా పోలండ్ ఆఫీసర్లు, పోలీసులు, ఇతర ఖైదీలు కలిపి 22,000 మందిదాకా చంపి, 1990 వరకూ ఒప్పుకోనిది వాళ్లే.

ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోవాలి, ఇబ్బందిగానే ఉంది. పోలండ్ సైన్యంలోని యూదు ఆఫీసర్లు 1939లో జర్మన్లకు పట్టుబడి ఓఫ్లాగులకు వెళ్లారు. కొన్నిచోట్ల వాళ్లను వేరే బ్యారక్‌లో పెట్టారు, అవమానించారు. కానీ ఎక్కువమంది యుద్ధం దాటి బతికారు. అదే సైన్యంలోని యూదు సిపాయిల్లో చాలామందిని విడుదల పేరుతో ఘెట్టోలకు, అంటే యూదులను బంధించి ఉంచిన వాడలకు, తోలారు. వాళ్లలో బతికినవాళ్లు తక్కువ. ఆఫీసర్ల భార్యాబిడ్డలు ఎందరో బయట చచ్చిపోతుంటే, ముళ్లకంచె లోపలివాడు బతికాడు. ఆఫీసరు యూనిఫాం ప్రాణం కాపాడిన సందర్భం అంటూ ఉంటే అది ఇది. మీ మెసేజ్‌లో అదొక్కటే లేదు.

మాస్టారూ, మీరు పంపిన ఆ పదిమంది నంబర్లు నాకు పెట్టండి. ఇది వాళ్లకి నేనే పంపుకుంటాను.