క్రోమ్ మెరుస్తోంది సరే, ఇండికేటర్ కొట్టుకుంటుందా?

ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద నిలబడితే పాత బళ్ళ జాతరే. ఆర్‌ఎక్స్ 100లు, యెజ్డీలు, కుడికాలి గేరున్న బుల్లెట్లు. ట్యాంకులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఓనర్‌తో కాసేపు మాట కలిపి, "అన్నా, ఒక్కసారి రైట్ ఇండికేటర్ వెయ్యవా" అనండి. సగం మంది నవ్వేసి చెయ్యి చాపి చూపిస్తారు. మిగతావాళ్ళలో ఒకరిది వెలిగి అలాగే నిలబడిపోతుంది, ఇంకొకరిది ముందుది కొట్టుకుంటుంది, వెనకది చచ్చి ఉంటుంది.

"పాత బండి కదా, అంతే" అంటారు. అంతే కాదు. పాత బండి ఇండికేటర్ పాతబడి పోయేది తక్కువ, మనం కొత్తగా చేయించడం వల్ల పోయేది ఎక్కువ. రెస్టోరేషన్ పేరుతో నట్టు నట్టూ విప్పి, పౌడర్ కోటింగ్ చేయించి మళ్ళీ బిగించాక ముందుగా మొండికేసేది ఇండికేటరే. ఆ తర్వాత దాన్ని బతికించడానికి రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల నుంచి మోసుకొచ్చే సామానులో చాలావరకు దండగ.

చాలా పాత బళ్ళలో ఇండికేటర్ దాకా వచ్చేది ఒక్కటే వైరు. కరెంటు అందులో వచ్చి, బల్బు వెలిగించి, మళ్ళీ బ్యాటరీ మైనస్‌కి చేరాలి. ఆ తిరుగు దారికి (దాన్నే ఎర్త్ అంటారు) వేరే వైరు లేదు, ఇండికేటర్‌ని బండికి పట్టి ఉంచే లోహపు కాడే దారి. కాడ మడ్గార్డ్‌ని తాకాలి, మడ్గార్డ్ ఛాసిస్‌ని తాకాలి. లోహానికి లోహం తగిలితేనే ఎర్త్. పౌడర్ కోటింగ్ అంటే ప్లాస్టిక్ లాంటి పొడిని ఓవెన్‌లో కరిగించి ఇనుముకి అతికించడం. దాంట్లోంచి కరెంటు పోదు. మడ్గార్డ్‌కి ఇటూ అటూ, బోల్టు బెజ్జం లోపల కూడా ఆ పొర పట్టేశాక ఎర్త్ ఎక్కణ్ణించి వస్తుంది? రంగు వేసినాయన తప్పేం లేదు, ఆయన పని బాగానే చేశాడు. బిగించేటప్పుడు ఆ కాస్త చోట గీకాలి. గీకబోతే ఓనరే అడ్డం పడతాడు, "కొత్త పెయింట్ ఖరాబ్ జేస్తవా" అని.

మా బావమరిది బుల్లెట్ సంగతి చెప్తాను. తొంభైల నాటిది, 12 వోల్టుల బండి. నల్ల రంగు, ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీయించాడు. చూడ్డానికి నిజంగా బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే కుడివైపు ఇండికేటర్ కొట్టుకోవడం మానేసింది. ఒక ఉస్తాద్ ఫ్లాషర్ మార్చాడు, అంటే ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే డబ్బా. ఇంకో ఉస్తాద్ బ్యాటరీ వీకన్నాడు, కొత్తది పెట్టించాడు. మరో ఆయన ఏకంగా వైరింగ్ కిట్ మీదికి వచ్చాడు: "మొత్తం కొత్తగ ఏస్తే టెన్షనే ఉండదు భయ్." అప్పటిగ్గానీ మావాడికి నేను గుర్తు రాలేదు.

నాకు మండింది ఎక్కడంటే, ఎడమవైపు ఇండికేటర్ శుభ్రంగా కొట్టుకుంటూనే ఉంది! రెండు వైపులకీ ఫ్లాషర్ ఒకటే, బ్యాటరీ ఒకటే. ఎడమవైపు పనిచేస్తుంటే కుడివైపుకి మాత్రం ఫ్లాషర్ పోతుందా? బ్యాటరీ ఎడమకో న్యాయం కుడికో న్యాయం చేస్తుందా? ఇంత పెద్ద సాక్ష్యం ఎదురుగా కొట్టుకుంటుంటే దాన్ని వదిలేసి సామాను మార్చారు. నాలుగు వైపులా ఏదీ వెలగకపోతే అప్పుడు ఫ్యూజ్, ఫ్లాషర్, దానికి వచ్చే సప్లై చూడాలి. ఒక్క పక్కే పోతే ఆ పక్క బల్బులు, హోల్డర్లు, ఎర్త్, హ్యాండిల్ మీది స్విచ్. అంతకు మించి వెతకాల్సింది చాలా తక్కువ.

పాత బుల్లెట్‌లో హెడ్‌లైట్ మీద, స్పీడోమీటర్‌కి దగ్గర్లో చిన్న అమీటర్ ఉంటుంది, కరెంటు ఎంత పారుతోందో చూపే మీటరు. చాలామందికి అదొక అలంకారం. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి ఎడమ ఇండికేటర్ వేశాను. ముల్లు మైనస్ వైపు టిక్కు టిక్కుమని దూకుతోంది. 10 వాట్ల బల్బులు రెండు, 12 వోల్టులు, అంటే దాదాపు 1.7 యాంపులు. కుడివైపు వేశాను. ముల్లు అందులో సగానికి కాస్త ఎక్కువ జరిగి అక్కడే ఆగిపోయింది. ముందు బల్బు నిండుగా వెలుగుతోంది, వెనక దాంట్లో తీగ మాత్రం ఎర్రగా కనిపిస్తోంది. రెండో బల్బుకి కరెంటు సరిగ్గా పారట్లేదని మీటరే చెప్తోంది, పైసా ఖర్చు లేకుండా. ఆ తక్కువ కరెంటుకి ఫ్లాషర్ కొట్టుకోదు, ఎందుకో కింద చెప్తా.

రెండు చివర్లా క్లిప్పులున్న వైరు ముక్క తీసుకుని ఒక చివర బ్యాటరీ మైనస్‌కి పెట్టి, రెండోది ఇండికేటర్ కాడకి ఆనించాను. అంతే, వెనక బల్బు భగ్గుమంది, రెండూ కలిసి కొట్టుకోవడం మొదలు. క్లిప్పు తీస్తే మళ్ళీ నిద్ర. మావాడు నమ్మలేదు, మల్టీమీటర్ పెట్టి చూపించాను. బల్బు వెలుగుతుండగా కాడకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య అరవోల్టు కూడా ఉండకూడదు. దానికి ఎన్నో రెట్లు చూపిస్తోంది. బల్బుకి అందాల్సిన వోల్టేజీ చాలావరకు ఆ పెయింటు దగ్గరే హారతి కర్పూరం అవుతోందన్నమాట.

విప్పితే వాషర్ కింద కోటింగ్ నిగనిగలాడుతోంది, గీత కూడా పడలేదు. బెజ్జం అంచున ఒక్కచోట, ఆవగింజంత, బోల్టు మర రాసుకుని ఇనుము బయటపడింది. ఇన్నాళ్ళూ ఆ కాస్త కరెంటు అక్కణ్ణించే పాకుతోంది, అది కూడా అప్పటికే తుప్పు రంగుకి తిరిగింది. ఎడమవైపు విప్పి చూస్తే బోల్టు కాస్త ఒరిగి బిగించడం వల్ల కోటింగ్ చీలింది. అంటే సరిగ్గా బిగించిన పక్క పనిచేయలేదు, వంకరగా బిగించిన పక్క పనిచేసింది!

మడ్గార్డ్ లోపలివైపు, పైకి కనపడని చోట, ఎమరీ పేపర్‌తో వాషర్ వెడల్పు మేర గీకాను. "బావా మెల్లగ, బావా మెల్లగ" అని పక్కన జపం. పళ్ళున్న వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాను. ఆపైన కాడ నుంచి ఛాసిస్ బోల్టుకి రింగ్ లగ్గుతో (బోల్టు కింద పట్టే ఉంగరం లాంటి కొస) విడిగా ఒక నల్ల వైరు లాగాను, మడ్గార్డ్ దారి మీద నాకు నమ్మకం లేక. రబ్బరు మీద కూర్చునే ఇండికేటర్లకి ఈ వైరు ఎలాగూ తప్పదు. హోల్డర్‌లో చిలుము ఉంటే అదీ గీకేయాలి. మన వానాకాలం నీళ్ళలో ఈదిన బళ్ళకి అది పక్కా.

ఉస్తాద్‌లని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పేవాళ్ళు ఉన్నారు మన సికింద్రాబాద్‌లో. తప్పు డబ్బులిచ్చే మన దగ్గర ఉంది. గంటసేపు కూర్చుని వైరు వైరూ వెతికి ఎర్త్ పట్టుకున్న మనిషి మూడొందలు అడిగితే "ఏం సామాను ఏశినవని మూడొందలు" అంటాం. కొత్త ఫ్లాషర్ డబ్బా చేతిలో పెడితే నోరెత్తకుండా ఇస్తాం. వెతికినందుకు కూలి లేని చోట ఎవరు వెతుకుతారు?

ఇంక ఎల్‌ఈడీ పిచ్చి ఒకటి. పాత రకం ఫ్లాషర్ వేడి మీద నడుస్తుంది. బల్బులు లాగే కరెంటుకి లోపలి రేకు వేడెక్కి వంగుతుంది, కాంటాక్ట్ విడిపోతుంది, చల్లారి మళ్ళీ కలుస్తుంది. ఎల్‌ఈడీ లాగే కరెంటుకి ఆ రేకు వెచ్చబడను కూడా వెచ్చబడదు. దానికి షాపులో రెసిస్టర్ అంటగడతారు, కరెంటు ఎక్కువ లాగి ఫ్లాషర్‌ని నడిపించడానికి. అది చెయ్యి చురుక్కుమనేంత కాలుతుంది. కరెంటు ఆదా అవుతుందని ఎల్‌ఈడీ వేయడం, ఆదా అయింది తగలెయ్యడానికి రెసిస్టర్ పెట్టడం! ఎల్‌ఈడీలకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి, గొడవ వదిలిపోతుంది.

అది వేసినా కొన్ని బళ్ళలో ఎడమవైపు వేస్తే నాలుగూ కొట్టుకుంటాయి. మీటర్‌లో ఇండికేటర్ గుర్తుకి ఒకటే బల్బు ఉండి, అది ఎడమ వైరుకీ కుడి వైరుకీ మధ్య వేలాడుతూ ఉంటే ఇంతే. దాంట్లోంచి జారే ఆ కొద్ది కరెంటు మామూలు బల్బుని వెలిగించలేదు, ఎల్‌ఈడీకి మాత్రం సరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 1ఎన్4007 డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) రెండు తెచ్చుకోండి. ఒకటి ఎడమ వైరు నుంచి, ఒకటి కుడి వైరు నుంచి, తెల్లగీత ఉన్న కొసలు రెండూ కలిపి మీటర్ బల్బు ఒక కాలికి ఇచ్చి, రెండో కాలుని ఎర్త్ చేస్తే సరి.

"హైదరాబాద్‌లో ఇండికేటర్ చూసి ఆగేదెవడు బ్రో, చెయ్యి చూపిస్తే చాలు" అనే మేధావులు కామెంట్ పెట్టేలోపే చెప్తున్నా. వానలో, రాత్రి, మెహదీపట్నం రద్దీలో నల్ల జాకెట్ తొడిగిన మీ చెయ్యి వెనక బస్సు డ్రైవర్‌కి ఏం కనపడుతుంది? వింటేజ్ బండి కాబట్టి మినహాయింపు ఉందనే వాదన కూడా విన్నాను. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్ 50 ఏళ్ళు దాటిన బళ్ళకి. ఆర్‌ఎక్స్ 100 మనదగ్గర మొదలైందే 1985లో, లెక్క మీరే వేసుకోండి. 15 ఏళ్ళు నిండిన బండి మళ్ళీ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళాల్సిందే. రూల్ ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా కొట్టుకోవాలి, నారింజ రంగులో వెలగాలి.

మా బావమరిది ఇప్పుడు ఆ నారింజ గ్లాసులు తీసేసి నల్లవి వేయిస్తాడట, నల్ల ట్యాంకుకి మ్యాచింగ్ అని. వేయించుకోమన్నాను. ఆ బండి మా గేటు లోపలికి మాత్రం తేవద్దన్నాను.