పసుపు పట్టీకి నమస్కారం

ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం పది గంటలకు మా కార్యాలయంలో సమీక్షా సమావేశం జరుగుతుంది. అందులో నలభై రెండు స్లైడ్ల పవర్‌పాయింట్ ప్రదర్శన ఉంటుంది. ఒకప్పుడు దాన్ని ముగ్గురు గుమస్తాలు రెండు రాత్రులు మేలుకుని తయారు చేసేవారు. తరువాత ఒక కుర్రవాడు వచ్చి మాక్రో, అంటే ఫైలు లోపలే ఉండి పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము, రాశాడు. ఎక్సెల్‌లోని అంకెలు వాటంతట అవే వచ్చి స్లైడ్లలో కూర్చోవడం మొదలైంది. కుర్రవాడు ఉద్యోగం మారి నాలుగేళ్లయింది. మాక్రో మాత్రం కొలువులోనే ఉంది. దాని లోపల ఏముందో చూసినవారు లేరు. గర్భగుడిలోకి అందరూ వెళ్లకూడదు కదా.

ఫైలు తెరవగానే పైన పసుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. భద్రత దృష్ట్యా మాక్రోలను ఆపి ఉంచామని, కావాలంటే 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమని దాని విన్నపం. నొక్కుతున్నాం. దాన్ని పూర్తిగా చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు. గడపకు పసుపు రాసినట్లు అదీ ఒక శుభసూచకమేనని మా లెక్కల విభాగం నమ్మకం.

పిరికివాళ్లు కొందరు చరిత్ర తవ్వుతారు. 1999 మార్చిలో మెలిస్సా అనే మాక్రో వైరస్, వర్డ్ ఫైలు తెరిచినవారి అవుట్‌లుక్ చిరునామాల్లో మొదటి యాభై మందికి తనను తానే పంపుకుంటూ పోయి, ఎన్నో సంస్థల మెయిల్ సర్వర్లను మూలన కూర్చోబెట్టిందని చెబుతారు. నిజమే. కానీ ఒక్క పూటలో యాభై మందికి విషయం చేరవేయడం మా సర్క్యులర్లలో దేనికీ ఇంతవరకు చేతకాలేదు.

ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022లో ఏకంగా ఆపేయడం మొదలుపెట్టింది. జూలైలో కొన్నాళ్లు వెనకడుగు వేసి, ఆ నెలాఖరుకే మళ్లీ అమలు చేసింది. ఇలాంటి ఫైళ్లకు విండోస్ ఒక గుర్తు అంటిస్తుంది. ఆ గుర్తు ఉన్నంతకాలం పట్టీ ఎర్రగా ఉంటుంది, నొక్కడానికి 'ఎనేబుల్' అన్నదే ఉండదు. మావాళ్లు రెండు రోజుల్లో విరుగుడు కనిపెట్టారు. ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పాత పెన్‌డ్రైవుకు ఆ గుర్తును మోసే శక్తి లేదు. ఫైలును అందులోకి ఎక్కించి మళ్లీ దింపితే చాలు, పాపం పోయింది. పుష్కర స్నానమే, కాకపోతే పన్నెండేళ్లు ఆగనక్కర్లేదు.

సంతకం మార్గం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతోపాటు వచ్చే సెల్ఫ్‌సర్ట్ అనే చిన్న ప్రోగ్రాముతో మన మాక్రోకు ధ్రువపత్రం మనమే తయారు చేసుకోవచ్చు. ఆకుపచ్చ సిరా కోసం గెజిటెడ్ అధికారుల గుమ్మాల ముందు నిలబడ్డ తరం మాది. మా మంచితనాన్ని మేమే ధ్రువీకరించుకునే రోజు వస్తుందని కలగనలేదు. పక్క బల్ల మీది కంప్యూటర్ ఆ పత్రాన్ని నమ్మదనుకోండి, అది వేరే సంగతి.

ఇంత కాపలా మనుషులకే. తెల్లవారుజామున ఫైలు తెరిచి, అంకెలు నింపి, అందరికీ మెయిల్ చేసే స్క్రిప్టు ఒకటి మాకుంది. ప్రోగ్రాము ద్వారా ఫైలు తెరిచినప్పుడు వర్తించే 'ఆటోమేషన్ సెక్యూరిటీ' అనే అమరిక మొదటి నుంచీ 'లో' (తక్కువ భద్రత) మీదే ఉంటుంది. అంటే మాక్రోలన్నీ అడ్డులేకుండా నడుస్తాయి. పెళ్లివారింట ముందు గుమ్మంలో ప్రతి చుట్టాన్నీ ఎవరి తరఫని ఆరా తీసి, వంటవాళ్ల కోసం పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టినట్లు.

ఈ సంగతి కొత్తగా చేరిన అమ్మాయి కనిపెట్టింది. మాక్రో లేని మామూలు టెంప్లేట్ పెట్టుకుని, నింపే పనంతా స్క్రిప్టుకే అప్పగిస్తే పెరటి తలుపు అవసరమే ఉండదని డైరెక్టరుగారికి వివరించింది.

"పది గంటలకు స్లైడ్లు వస్తాయా, రావా అమ్మా?" అని అడిగారాయన.

టెంప్లేట్ మార్చడానికి కమిటీ అనుమతి కావాలి. అందాకా స్క్రిప్టులో ఫైలు తెరిచే లైనుకు ముందు ఆమె ఆ అమరికను 3 చేసింది, అంటే మాక్రోలు పూర్తిగా బంద్. పాత కుర్రవాడు అంతకు పైనే 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అని రాసిపెట్టాడు. తప్పు జరిగితే పట్టించుకోకుండా తరువాతి లైనుకు వెళ్లిపొమ్మని దాని అర్థం. మా కార్యాలయంలో అందరూ పాటించే నియమం అదొక్కటే. ఒకటో తేదీన మాక్రో నడవలేదు, స్క్రిప్టు ఫిర్యాదు చేయలేదు, పాత ఫైలు అలాగే అందరికీ వెళ్లింది. మొదటి స్లైడు మీద తేదీ మాత్రం దానంతట అదే మారింది.

గత నెల అంకెల మీద రెండు గంటలు సమీక్ష జరిగింది. రెండు విభాగాలకు అభినందనలు, ఒక విభాగానికి సంజాయిషీ నోటీసు. ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి నాలుగో రోజున ఆ అమ్మాయే చూసి చెప్పింది.

డైరెక్టరుగారు వెంటనే చర్య తీసుకున్నారు. 3 తీసేసి 1, అంటే మళ్లీ పాత 'లో', పెట్టించారు. ఎందుకైనా మంచిదని నేనే దగ్గరుండి ఆ లైను చూశాను. పక్కన నాలుగేళ్ల కిందటి వ్యాఖ్య ఒకటి కనిపించింది: 'ఇది తాత్కాలికం, తరువాత మార్చాలి.' దాని కింద ఆ అమ్మాయి చేత మరో వ్యాఖ్య రాయించాం: 'ఇది కూడా.'